గడియ పడని ఇల్లు

పెనుగొండ,
6-2-1984

రాజమండ్రి, చల్లని ఇళ్ళ సలహా కేంద్రం ఇంజినీరు నాగేశ్వరప్రసాద్ గారికి, పెనుగొండ బెల్లం వర్తకుడు గున్నేశ్వరరావు నమస్కరించి రాయునది. అమ్మవారి దయవల్ల ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను.

పోయిన దసరాలకి మీరు మా ఊళ్ళో మీటింగు పెట్టారు. సిమెంటు కోసం ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, పాత ఇల్లు విప్పితే వచ్చే ఇటుకే బంగారం, కొత్త ఇటుక కోసం మాగాణి పైమట్టి గీకి బట్టీల్లో కాల్చుకుంటూ పోతే మన మనవలకి పండించుకోడానికి మన్ను మిగలదు అని ఉపన్యాసం చెప్పారు. నలభై మందిమి విన్నాం. చప్పట్లు అందరం కొట్టాం. ఇల్లు విప్పినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

మీరు గీసిచ్చిన ప్లాను ప్రకారం, మీ దగ్గర పని నేర్చుకున్న తాపీ మేస్త్రి బుల్లియ్య చేత, మధ్యలో గుల్ల వదిలే గోడలే కట్టించాను. ఇటుకని పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి కడుతుంటే బజారంతా వచ్చి చూసింది. శెట్టిగారు ఇటుకల దగ్గర కక్కుర్తి పడ్డారని నవ్వారు. పడితే పడ్డాను అన్నాను. గానుగలో సున్నం ఆడించాను. అందులోకి మీరు చెప్పినట్టే కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోయించాను. బెల్లం మా కొట్లోదే గనక ఆ విషయంలో నాకు బాధ లేదు. వీధి తలుపు కూడా పాతదే బిగించాం, మా నాన్నగారు గంగరాజు గారి కాలంనాటి టేకు తలుపు, దాని అడ్డగడియతో సహా.

ఇల్లు చల్లగా ఉంది. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ప్రసాద్ గారూ, ఇల్లు దగ్గుతోందండి.

మధ్యాహ్నం భోజనం చేసి, కొత్తింట్లో చాప వేసుకుని నడుం వాలుస్తాను. ఒంటిగంటన్నర అయ్యేసరికి తూర్పు గోడలోంచి రెండు దగ్గులు. తరవాత గొంతు సవరించుకున్న చప్పుడు. అంతే. మొదటిరోజు బుల్లియ్య అనుకున్నాను. బుల్లియ్య అప్పుడు వాళ్ళింట్లో అన్నం తింటున్నాడు. మార్చి 14న గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాను. దగ్గే ఇంట్లో నేను పాలు పొంగించనని మా ఆవిడ సత్యలక్ష్మి అప్పుడే మొరాయిస్తోంది. తగిన ఉపాయం చెప్పగలరు.

ఇట్లు,
గున్నేశ్వరరావు

తా.క.: బలం పరీక్షకి మీరడిగిన పాత ఇటుక బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. వీధి తలుపు పక్కన, అడ్డగడియ దూరేచోట ఉండేది. గడియ రాపిడికి ఒక పక్క అరచందమామలా అరిగిపోయింది. గోడలోకి పనికిరాదని బుల్లియ్య అవతల పారేస్తే తీసి ఉంచాను.

---

రాజమండ్రి,
10-2-1984

గౌరవనీయులైన గున్నేశ్వరరావు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. కంగారు పడకండి. ఇల్లు దగ్గడమనేది శాస్త్రంలో లేదు.

మీ తూర్పు గోడ లోపల అడుగు నుంచి పైదాకా గుల్ల ఉంది. ఉదయమంతా ఎండ తగిలి ఆ గుల్లలోని గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పైకి పోతుంది. పైన మనం వదిలిన కన్నాల్లోంచి బయటికి తోసుకుపోయేటప్పుడు చప్పుడు చేస్తుంది. మీకది దగ్గులా వినిపిస్తోంది. పై కన్నాల్లో మూడు రోజులపాటు ఎండుగడ్డి కుక్కి చూడండి. దగ్గు ఆగిపోతే గాలేనని రుజువైపోతుంది.

ఇంకొక్క మాట, మనసులో ఉంచుకోండి. మా కేంద్రానికి పైవాళ్ళు ఇచ్చిన గడువు ఒక్క ఏడాది. మార్చి నెలాఖరుకి అయిపోతుంది. ఈ ఏడాదిలో నేను పద్దెనిమిది మీటింగులు పెట్టాను, ఏడు వందల మందికి చెప్పాను. లేచిన ఇల్లు ఒక్కటి, అది మీది. మీ గృహప్రవేశం నాడే మా పెద్ద ఇంజినీరు గారు వచ్చి చూస్తారు. చుట్టుపక్కల నుంచి అరవై మంది మేస్త్రులూ, ఇల్లు కట్టుకోబోయేవాళ్ళూ వస్తారు. వాళ్ళ ముందు ఇల్లు చల్లగా, నిబ్బరంగా నిలబడితే కేంద్రం బతుకుతుంది. లేకపోతే తాళం పడుతుంది. అందుచేత ఆ దగ్గు సంగతి బజార్లో అనకండి.

భవదీయుడు,
నాగేశ్వరప్రసాద్

తా.క.: మీ ఇటుక చేరింది. బలం పరీక్షంటే యంత్రంలో పెట్టి నలగ్గొట్టడమే గనక ఇంకా మనసొప్పలేదు. ప్రస్తుతం నా ఫైళ్ళు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాను. ఆ అరిగిన చోట కలం చక్కగా కూచుంటోంది. ఇది రాస్తుండగా మా హెడ్ క్లర్కు గారు వెనక బల్ల దగ్గర దగ్గుతున్నారు. చలికాలం వెళ్ళేముందు అందరికీ ఉండేదే.

---

పెనుగొండ,
15-2-1984

ఇంజినీరు ప్రసాద్ గారికి గున్నేశ్వరరావు నమస్కరించి రాయునది.

మీరు చెప్పినట్టే కన్నాలన్నిటిలో ఎండుగడ్డి కుక్కించాను. దగ్గు తగ్గింది. మాట మొదలైంది.

నిన్న మంగళవారం ఒంటిగంటన్నరకి తూర్పు గోడవైపు తిరిగి పడుకున్నాను. గోడలోంచి మగగొంతు, తీరుబడిగా, "అందరూ వచ్చేశారా? గడియ వెయ్యనా?" అంది. నేను నిద్రమత్తులో "ఆఁ, వచ్చేశారు" అన్నాను. అన్నాక లేచి కూచున్నాను. ఇంట్లో నేను తప్ప పురుగు లేదు. ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి. చల్లని ఇల్లని మీరు చెప్పింది అప్పుడు మాత్రం అబద్ధమైపోయింది.

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. మా నాన్నగారిది. మధ్యాహ్నం కొట్లు కట్టేసి మగవాళ్ళం అందరం భోజనానికి ఇంటికొచ్చేవాళ్ళం. కునుకు తీసేముందు ఆయన వీధి గుమ్మం దగ్గర నిలబడి, రెండుసార్లు దగ్గి, ఆ ప్రశ్న అడిగేవారు. లోపల్నుంచి ఎవరో ఒకరు వచ్చేశారంటేనే అడ్డగడియ వేసేవారు. ఒక్కరు రాకపోయినా తలుపు బార్లా ఉండేది. ఆయన అరుగుమీద కూచుని తూగుతూ చూసేవారు. ఆయన పోయి పదేళ్ళు దాటింది.

మా మేనత్త మాణిక్యాంబని పిలుచుకొచ్చాను. ఎనభై ఏళ్ళావిడ. గోడకి చెవి ఆనించి వింది. "మా అన్నయ్యేరా. గొంతు రాసుకుపోయింది పాపం. అంత గడ్డి కుక్కితే రాసుకుపోదూ?" అని ఆ గడ్డంతా దగ్గరుండి పీకించింది. ఇప్పుడు రోజూ గోడ దగ్గర ఒక గ్లాసుడు మిరియాల కషాయం పెడుతోంది. మా ఆవిడది ఇంకో గొడవ. "మామగారు గోడలో ఉంటే ఆ గదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని ఎలా పడుకోనండీ?" అంటోంది. దానికి జవాబు మీ శాస్త్రంలో ఉంటే రాయండి.

ఇట్లు,
గున్నేశ్వరరావు

తా.క.: వీధి తలుపు గడియ కూడా పడటం లేదు. వడ్రంగి మూడుసార్లు చిత్రిక పట్టాడు. కొత్త కన్నంలోకి దూరుతుంది, చెయ్యి తియ్యగానే జారి వచ్చేస్తుంది. రెండో తా.క.: కషాయం గ్లాసు మర్నాటికి ఖాళీ. నా అనుమానం బుల్లియ్య మీద.

---

రాజమండ్రి,
20-2-1984

గౌరవనీయులైన గున్నేశ్వరరావు గారికి నమస్కారాలు.

మీ సమస్య తీరిపోయింది. హాయిగా నిద్రపోండి.

మొన్న మేస్త్రుల క్లాసుకి బుల్లియ్య వచ్చాడు. తూర్పు గోడ గురించి గట్టిగా అడిగితే కాసేపు తల గోక్కుని నిజం చెప్పాడు. మీకు జోగేశ్వరరావు గారని ఒక అన్నగారు ఉన్నారట. పాత ఇంట్లో తూర్పు సగం ఆయనదట. పదకొండేళ్ళుగా మాటల్లేవట. మీరు మీ సగం విప్పేసరికి ఆయన సగానికి పక్క గోడ లేకుండా పోయిందట. మీకు అన్నగారున్నారన్న సంగతి ఇన్ని ఉత్తరాల్లో మీరు ఒక్క ముక్క రాయలేదు.

బుల్లియ్య చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఆ ఇంటి నుంచి వేరే గోడ కట్టమని కబురొచ్చిందండి. చిన్నశెట్టిగారేమో వాళ్ళ గోడ నా గోడకి తగలకూడదన్నారండి. జానెడు ఎడంలో రెండు గోడలు నిలబెడితే మూడు వేల ఇటుక దండగ కదండీ? పైమట్టి, మనవలు అని మీరే కదండీ చెప్పారు? అందుకని ఒకటే గోడ కట్టానండి. ఇటువాళ్ళకి ఇది మీ గోడండి అన్నాను, అటువాళ్ళకి ఇది మీ గోడండి అన్నాను."

ఏడు వందల మందికి చెప్తే, నా ఉపన్యాసం ఇంత మనసుకి పట్టించుకున్నవాడు ఇతనొక్కడే. తిట్టడానికి నోరు రాలేదు.

కాబట్టి సంగతి ఇది. గోడ ఒకటే, లోపల గుల్ల ఒకటే. అటు గదిలో మాట్లాడితే ఇటు వినిపిస్తుంది, ఇటు మాట్లాడితే అటు వినిపిస్తుంది. కొడుక్కి తండ్రి గొంతు రావడంలో వింత లేదు. మీరు విన్నది మీ అన్నగారి గొంతు. ఆయనకీ తండ్రి అలవాటే వచ్చి ఉంటుంది. ఆ గుల్లలో రెండు వరసల అడ్డు ఇటుక పెట్టిస్తే మాట ఆగిపోతుంది. బుల్లియ్యకి చెప్పి పంపాను.

భవదీయుడు,
నాగేశ్వరప్రసాద్

తా.క.: మా హెడ్ క్లర్కు గారు సెలవుపెట్టి కాశీ వెళ్ళారు. ఆఫీసు ప్రశాంతంగా ఉంది. మధ్యాహ్నం ఎవరో దగ్గుతున్నారు గానీ, పక్క గదిలోవాళ్ళు అయి ఉంటారు.

---

పెనుగొండ,
24-2-1984

ఇంజినీరు గారికి,

అడ్డు ఇటుకలు వద్దు, ఏమీ వద్దు. వచ్చే శనివారం ఆరుగురు మనుషుల్ని గునపాలతో రమ్మన్నాను. ఆ గోడ పడగొట్టిస్తున్నాను. మీ పెద్ద ఇంజినీరు గారినీ ఆ అరవై మందినీ రావద్దని చెప్పండి.

మా అన్న నా గోడలో దగ్గుతాడా? నాన్నగారి గొంతు పెట్టి నన్ను అడుగుతాడా? ఎంత పొగరు!

అసలు బాధ వేరే ఉంది. మీకు కాక ఇంకెవరికి రాసుకోను? నాన్నగారేననుకుని తొమ్మిది రోజులుగా ఆ గోడతో మాట్లాడాను. ఎవరికీ చెప్పనిది దానికి చెప్పాను.

పదకొండేళ్ళ కిందట, మండుటెండల్లో ఒక మధ్యాహ్నం. మా అన్న యానాం వెళ్ళాడు. ఆ రోజుల్లో తరచు వెళ్ళేవాడు, ఎందుకో మీరే ఊహించుకోండి. అతని కోసం అందరం ఎదురుచూస్తూ కూచున్నాం. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్నగారు గుమ్మం దగ్గర నిలబడి అందరూ వచ్చేశారా అని అడిగారు. వచ్చేశారు అన్నాను. ఆయన నా మాట నమ్మి గడియ వేశారు. కాసేపటికి మా అన్న వచ్చి తలుపు కొట్టాడు. నాకు వినిపించింది. లేవలేదు. నాన్నగారికి చెవుడు, ఆయనకి వినిపించలేదు. ఆ ఎండలో మా అన్న అరుగుమీద ఎంతసేపు కూచున్నాడో తెలియదు. గడియ వేసింది నాన్నగారని, కావాలనే వేశారని అతని నమ్మకం. ఆ నెల్లోనే పంపకాలు అయిపోయాయి. ఏడాది తిరక్కుండా నాన్నగారు పోయారు. ఆయన పోయేదాకా మా అన్న ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో ఆయనకి తెలియదు. నాకు తెలుసు. నేను చెప్పలేదు.

ఇదంతా గోడకి చెప్పి ఏడ్చాను. ఇప్పుడు మీరు ఆ గోడకి అవతల మా అన్న కూచుని విన్నాడంటున్నారు. రేపు బజార్లో అతని మొహం ఎలా చూడను? సిగ్గుతో చచ్చిపోతున్నానండి. గోడ పోవాలి, అంతే.

గున్నేశ్వరరావు

తా.క.: నిన్న మధ్యాహ్నం అడిగినప్పుడు కోపంకొద్దీ "నోరు ముయ్యరా" అన్నాను. గోడ నోరు మూసింది. మా అత్త మూడు గంటలసేపు నాతో మాట్లాడలేదు.

---

రాజమండ్రి,
28-2-1984

గున్నేశ్వరరావు గారికి నమస్కారాలు.

మీ కాళ్ళు పట్టుకుంటాను, గునపాలవాళ్ళని ఆపండి. నా ఉద్యోగం కోసం అడుగుతున్నానని మీరనుకోవచ్చు. అదీ ఉంది, దాచను. కేంద్రం మూసేస్తే నన్ను పోలవరం అవతల సర్వే పనికి పంపుతారు, ఇంకెవరికీ నేను ఇల్లు కట్టించలేను. కానీ అంతకంటే మీ ఉత్తరం చదివాక నాకు వేరే ఆలోచన వచ్చింది.

మీ అన్నగారు తొమ్మిది రోజులు మీ మాట విన్నారు. విని కూడా రోజూ ఒంటిగంటన్నరకి ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. కోపం ఉన్నవాడు అలా అడుగుతాడా? లోపలికి పిలుస్తారేమోనని అడుగుతున్నారేమో. శనివారం గోడ పడగొట్టేముందు శుక్రవారం ఒక్క నిమిషం ఆయన గుమ్మంలోకి వెళ్ళిరండి. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ఇంజినీరుగా నేను చెప్పవలసిన మాట ఇది కాదు. సున్నం గురించి అడిగితే గట్టిగా చెప్పగలను.

భవదీయుడు,
నాగేశ్వరప్రసాద్

తా.క.: హెడ్ క్లర్కు గారు ఇంకా కాశీ నుంచి రాలేదు. ఆయన దగ్గుకి ఎంత అలవాటుపడ్డానంటే, ఒంటిగంటన్నరకి ఆయన లేకపోయినా వినిపిస్తోంది. పక్క గది చూశాను. దానికి తాళం వేసి ఉంది.

---

పెనుగొండ,
8-3-1984

ఇంజినీరు నాగేశ్వరప్రసాద్ గారికి గున్నేశ్వరరావు నమస్కరించి రాయునది.

గోడ పడగొట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తీరిగ్గా చదవండి.

శుక్రవారం వెళ్ళాను. పదకొండేళ్ళ తరవాత ఆ గుమ్మం తొక్కాను. మా వదిన రమాదేవి నన్ను చూసి చెంబు జారవిడిచింది. మా అన్న వాలుకుర్చీలో ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. మెడచుట్టూ తుండుగుడ్డ. "అన్నయ్యా" అన్నాను. నోరు తెరిచాడు, మాట రాలేదు. పక్కనున్న పలక తీసుకున్నాడు.

ప్రసాద్ గారూ, మా అన్నకి గొంతు లేదు. రెండేళ్ళ కిందట కాకినాడలో ఆపరేషన్ చేసి తీసేశారట. ఊరందరికీ తెలుసు. నాకు తెలియదు. బజార్లో ఎవరితోనూ మాట్లాడకుండా పోతుంటే గర్వం అనుకున్నాను. అత్తని అడిగితే, "నా ఇంట్లో వాడి పేరెత్తితే ఊరుకోనని ఒట్టు పెట్టుకుంది నువ్వే కదరా, ఎవడు చెప్తాడు?" అంది. బుల్లియ్యని అడిగితే, "మీరు అడగలేదు కదండీ" అన్నాడు.

మా అన్న పలకమీద రాశాడు: "నువ్వు చెప్పిందంతా విన్నాను. మొదటిరోజే వద్దామనుకున్నాను. తలుపు తియ్యరా అని అరవడానికి గొంతు లేదు." నేను చదవలేకపోయాను, వదిన చదివి వినిపించింది. మేమిద్దరం ఎలా ఏడ్చామో రాయను. తరవాత అది తుడిచేసి ఇంకోటి రాశాడు: "రోజూ గడియ వెయ్యనా అని అడుగుతున్నది నువ్వు కాదా?"

ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. నాన్నగారి గొంతు పెట్టి నేను వెక్కిరిస్తున్నానని ఇన్నాళ్ళూ అతను అనుకున్నాడట.

సరే, నాన్నగారు అడుగుతున్నది మా అన్న కోసమే అయి ఉంటుంది, అన్న వస్తే ఊరుకుంటారు అనుకున్నాం. మర్నాడు అందరం కొత్తింట్లోనే భోజనాలు చేశాం. అన్నకి పక్కనే కూచుని నేనే వడ్డించాను. ఒంటిగంటన్నరయింది. రెండు దగ్గులు. "అందరూ వచ్చేశారా? గడియ వెయ్యనా?" నేను లేచి నిలబడి, "వచ్చేశారు నాన్నా. అన్నయ్య కూడా వచ్చేశాడు" అని గట్టిగా చెప్పాను. ఈసారి అబద్ధం కాదండి.

తరవాత గోడ, "లేదు. ఇంకొకరు రావాలి" అంది. వీధి తలుపు గడియ ఎవరూ ముట్టుకోకుండానే జారి దడాలున కిందపడింది.

అది మొదలు రోజూ అదే మాట. ఇంకొకరు ఎవరు? అన్నదమ్ములం ఇద్దరమే. అక్కచెల్లెళ్ళు లేరు. అత్త పోయినవాళ్ళందరి పేర్లూ వేళ్ళమీద లెక్కబెట్టింది, వాళ్ళెవరూ మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాళ్ళు కారు. ఇంకొకరు ఎవరో తెలియని ఇంట్లో పాలు పొంగించనని మా ఆవిడ, ఇప్పుడు మా వదిన కూడా. 14 లోపల ఆ ఒక్కరెవరో మీరు తేల్చకపోతే గృహప్రవేశం ఆగిపోతుంది. మీ అరవై మందికీ ఖాళీ ఇల్లు చూపించుకోవలసి వస్తుంది. గడియ పడని ఇంటిని ఎవరు మెచ్చుకుంటారు చెప్పండి?

ఇట్లు,
గున్నేశ్వరరావు

తా.క.: నిన్న మా అత్త పిల్లిని పట్టుకొచ్చి గోడకి చూపించి, "ఇదా అన్నయ్యా?" అని అడిగింది. గోడ మాట్లాడలేదు. పిల్లి మాత్రం ఆ గదిలోకి మళ్ళీ రాలేదు. రెండో తా.క.: కషాయం బుల్లియ్య తాగటం లేదు. అమ్మవారి మీద ప్రమాణం చేశాడు.

---

రాజమండ్రి,
12-3-1984

గౌరవనీయులైన గున్నేశ్వరరావు గారికి,

ఈ ఉత్తరం మా ఆఫీసు ప్యూను అబ్బులు స్వయంగా తెచ్చి ఇస్తాడు. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని భయం. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు మన్నించండి.

హెడ్ క్లర్కు గారు ఇవాళ కాశీ నుంచి వచ్చారు. "దగ్గు తగ్గిందా అండీ?" అని పలకరించాను. ఆయన కళ్ళద్దాలు తీసి నావైపు చూశారు. "నాకు దగ్గెక్కడిదయ్యా? నేను వెళ్ళేముందు రోజూ దగ్గింది నువ్వు కాదూ?" అన్నారు.

ఒంటిగంటన్నరకి అందరూ టిఫిన్‌కి పోయారు. నేను పోలేదు. తలుపు దగ్గరికి వేసి నా బల్ల దగ్గరే కూచున్నాను. కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. కిటికీలు మూశాను. గాలి కాదు. మీరు పంపినది గట్టి ఇటుక, అందులో గుల్ల లేదు. నాకు తెలిసిన కారణాలన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ కూచున్నాను.

ఫైళ్ళ మీద మీ ఇటుక రెండుసార్లు దగ్గింది.

కలం దాని అరిగిన చోటులోంచి దొర్లి నేలమీద పడింది. తీసుకోవడానికి వంగలేదు. వంగే ధైర్యం లేదు. అప్పుడు ఆ ఇటుకలోంచి ఆయన చాలా అలిసిపోయిన గొంతుతో, "నేనింకా రాలేదర్రా. గడియ వెయ్యకండి" అన్నారు.

గున్నేశ్వరరావు గారూ, ఇంట్లో అందర్నీ లెక్కబెట్టారు. లెక్కబెట్టే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. అందరూ లోపలికి వచ్చాక ఆఖర్న గడియ వేసేవారు మీ నాన్నగారే. ఆయన చెయ్యి ఏళ్ళ తరబడి ఆనిన ఇటుక అది. గోడలోకి పనికిరాదని బుల్లియ్య అవతల పారేశాడు, మీరు బస్సెక్కించారు, నేను కలం పెట్టుకున్నాను. బలం పరీక్ష చేయించడానికి రెండుసార్లు లేబరేటరీ గుమ్మందాకా తీసుకెళ్ళి తిరిగొచ్చాను. నలగ్గొట్టించి ఉంటే ఏమయ్యేదో!

ఇప్పుడు బుల్లియ్య చెయ్యవలసింది వినండి. వీధి తలుపు పక్కన, గడియ దూరేచోట కొత్త ఇటుక ఒకటి ఊడదీయాలి. సిమెంటు ముట్టుకోకూడదు. గానుగ సున్నం, కరక్కాయ నీళ్ళు, బెల్లం, అన్నీ సిద్ధంగా ఉంచాలి. ముహూర్తానికి ముందే ఇటుకని యథాస్థానంలో పెట్టించి, అప్పుడు గడియ వెయ్యండి. పడుతుంది. పాత ఇటుక ఒక్కటి కూడా పారెయ్యకూడదని ఇన్నాళ్ళూ పొదుపు కోసం చెప్పాను. ఎల్లుండి ఆ అరవై మందికీ అదే మాట చెప్తాను, కారణం మాత్రం చెప్పను.

ఇటుకని అబ్బులు చేత పంపుదామనుకున్నాను. సంగతి విని చేత్తో ముట్టుకోనన్నాడు, ఉత్తరమైతే పట్టుకెళ్తానన్నాడు. 14 ఉదయం పెద్ద ఇంజినీరు గారి జీపులో నేనే ఒళ్ళో పెట్టుకుని తీసుకొస్తాను. సిద్ధాంతం వంతెన దగ్గర ఒక్క నిమిషం ఆపించి గోదావరి చూపిస్తాను. మేం వచ్చేదాకా మీ తలుపు తీసే ఉంచండి.

మీ
నాగేశ్వరప్రసాద్

తా.క.: జీపులో పెద్ద ఇంజినీరు గారు, డ్రైవరు, నేను, ముగ్గురం వస్తున్నాం. మాణిక్యాంబ గారితో చెప్పి విస్తళ్ళు నాలుగు వేయించండి.